రొయ్యకు సెలైన్ పెట్టిన ఆదివారం

నేను నర్సును. ఇరవై ఏళ్ళుగా సెలైన్లు పెడుతూనే ఉన్నాను. నరం దొరకని ముసలివాళ్ళకు పెట్టాను, చెయ్యి కదపకుండా ఉండలేని పిల్లలకు పెట్టాను, సూది చూడగానే కళ్ళు తేలేసే పహిల్వాన్లకు కూడా పెట్టాను. కానీ జహీరాబాద్‌లో నలుగురు నన్ను గుర్తుపట్టేది వాళ్ళ వల్ల కాదు. రొయ్యకు సెలైన్ పెట్టిన సిస్టరమ్మ అంటేనే గుర్తుపడతారు. మార్కెట్లో అల్లం అమ్మే ఆమె కూడా తూకం వేస్తూ రొయ్య బాగుందా అని అడుగుతుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమె నోరు తెరవకముందే నేనే చెప్పేస్తున్నాను, బాగుంది, పెట్టిందంతా తింటోంది అని.

అది కూర వండుకునే రొయ్య కాదు. నా చిటికెన వేలంత ఉంటుంది. ఒళ్ళంతా ఎరుపు, వీపు మీద తల నుంచి తోక దాకా ఒక తెల్లటి చార, ఒంటికంటే పొడుగైన తెల్లటి మీసాలు. ఉప్పునీళ్ళ అద్దాల తొట్టెలో తప్ప బతకదు. సముద్రం ముఖం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవలసిన మా ఊళ్ళో ఉప్పునీళ్ళ తొట్టె పెట్టడం మా ఆయన పిచ్చి. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి, హైదరాబాద్ నుంచి తెప్పించిన సముద్రపు ఉప్పును ఫిల్టరు నీళ్ళలో కలిపి, ఒక చిన్న గొట్టం మీద చుక్క వేసి, దాన్ని కంటికి ఆనించుకుని చూస్తూ కూర్చుంటాడు. ఆ గొట్టం నీళ్ళలో ఉప్పెంతో చెబుతుందట. కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం ఆయనకు తెలియదు.

ఆ తొట్టెలోకి వచ్చిన మొదటి రొయ్యను చంపింది నేనే. రెండేళ్ళ కిందట అది నీళ్ళ సంచిలో బస్సెక్కి వచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్నాడు. అంత ఇరుకు సంచిలో పాపం ఎంతసేపుంటుంది అనుకుని, మూతి కోసి, పాల ప్యాకెట్ గిన్నెలోకి వంచినట్టు తొట్టెలోకి వంచేశాను. పది నిమిషాలు గిలగిల తిరిగి వెల్లకిలా పడిపోయింది. సంచిలో నీళ్ళ ఉప్పు వేరు, తొట్టెలో నీళ్ళ ఉప్పు వేరు. ఆ తేడాను చేప కొంత ఓర్చుకుంటుంది కానీ రొయ్య ఓర్చుకోలేదు. దాని ఒంటికి కొత్త నీళ్ళను కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. ఈ సంగతి నాకు అది చచ్చాక తెలిసింది. ఆయన ఇంటికొచ్చి చూసి, "పోనీ తియ్," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది, నేనూ తిరిగి నాలుగు అని మనసు తేలిక చేసుకునేదాన్ని. వార్డులో అంతమందిని చూసుకునే మనిషిని, ఇంట్లో వేలెడు ప్రాణాన్ని నా చేతులతో చంపుకున్నానన్న బాధ లోపలే ఉండిపోయింది. రెండో రొయ్య వచ్చాక దాని జోలికి పోలేదు. దూరం నుంచే చూసి ముచ్చటపడేదాన్ని. మీసాలు ఊపుకుంటూ అది రాయి మీద నడుస్తుంటే పెళ్ళి బరాత్‌లో ముందు నడిచే బ్యాండ్ మేస్త్రి గుర్తొచ్చేవాడు.

మొన్న వానాకాలం మొదట్లో పాత తొట్టె మూల నుంచి నీళ్ళు చెమ్మగా ఊరడం మొదలైంది. ఆయన కొత్త తొట్టె తెచ్చి, నీళ్ళు కలిపి, అవి కుదురుకునేదాకా నెల రోజులు ఆగి, చేపలను అందులోకి మార్చాడు. రొయ్య మాత్రం రాయి సందులో దూరి దొరకలేదు. రేపు చూద్దాం అనుకునేలోపు ఫ్యాక్టరీ వాళ్ళు ఆయనను పదిహేను రోజుల ట్రైనింగ్‌కు పుణె పంపారు. ఆయన వెళ్ళిన నాలుగు రోజులకు చెమ్మ కాస్తా ధార అయింది. కారిపోయిన మేరకు నేను ఫిల్టరు నీళ్ళు పోస్తూ వచ్చాను. పోయేది ఉప్పునీళ్ళు, నేను పోసేవి చప్పటి నీళ్ళు, కాబట్టి తొట్టె రోజురోజుకూ చప్పబడుతోందన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఫోన్లో ఆయన చెబితేనే తెలిసింది.

ఆ తర్వాత ఆయన విడమరిచి చెప్పాడు. పాత తొట్టెలో రొయ్యను ఇక ఉంచకూడదు. అలాగని ఒక్కసారిగా కొత్త తొట్టెలో వేస్తే మొదటిదాని గతే. ఒక చిన్న బకెట్‌లో దాని నీళ్ళలోనే దాన్ని ఉంచి, కొత్త తొట్టె నీళ్ళను చుక్క చుక్కగా నాలుగు గంటల పాటు కలపాలి. వలతో పట్టకూడదు, కాళ్ళూ మీసాలూ చిక్కుకుని తెగుతాయి. నీళ్ళలోంచి బయటికి తియ్యకూడదు. ఇదంతా చెప్పి, "నీతోని అయితదా? కాదంటే చెప్పు, నేను సెలవు వెట్టి వస్త," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం వెల్లకిలా పడిన మొదటి రొయ్య కనిపించింది.

"మీరు ట్రైనింగ్ చేసుకోండ్రి," అన్నాను. "చుక్కల పని నాకు నేర్పుతరా?"

ఫోన్ పెట్టేసి తొట్టె ముందు నిలబడ్డాను. ఈసారి ఇది నా చేతుల్లో చావకూడదు. చస్తే ఆయన మళ్ళీ పోనీ తియ్ అంటాడు, ఆ మాట ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు.

ఆదివారం నాకు సెలవు. ముందు రోజే మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్టు కొన్నాను, నా డబ్బుతోనే. ఇంట్లో ఉన్న లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, శుభ్రంగా కడిగి, కిటికీ ఊచకు తలకిందులుగా వేలాడదీశాను. అందులో కొత్త తొట్టె నీళ్ళు పోస్తే, సెట్టు గొట్టం గుండా కింద బకెట్‌లోకి చుక్కలు పడతాయి. చక్రం తిప్పితే చుక్కల వేగం మారుతుంది. సూది తీసి పారేశాను. వాచీ పెట్టుకుని సెకనుకు రెండు చుక్కలు వచ్చేలా సరిచేశాను. పుణె నుంచి ఆయన వీడియో కాల్‌లో చూసి నోరెళ్ళబెట్టాడు. మేము అక్వేరియం వాళ్ళం గొట్టానికి ముడేసి తంటాలు పడతాం, ఇది మాకెవరికీ తట్టలేదే అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను గాల్లో తేలాను. రొయ్యను పట్టడం కూడా సులువుగానే అయింది. పారదర్శకంగా ఉన్న ఊరగాయ డబ్బాలో కాస్త మేత వేసి రాయి పక్కన ముంచి పెడితే, మీసాలతో గుమ్మం తడిమి చూసుకుని, పిలిచిన పేరంటానికి వచ్చినట్టు తనే లోపలికి నడిచింది. డబ్బాను నీళ్ళతో సహా ఎత్తి బకెట్‌లో ముంచి వంచాను. పేషెంటు అడ్మిట్ అయింది.

ఇంట్లో అత్తమ్మ ఉంది. మా ఆయన లేని పదిహేను రోజులూ నాకు తోడుగా రాయికోడ్ దగ్గర పల్లె నుంచి వచ్చింది. జీవితమంతా చేనులో పని చేసిన మనిషి. జీవాల సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసునని ఆమె నమ్మకం, నిజం కూడా. ప్లాస్టిక్ బకెట్ చూసి ఆమెకు మనసొప్పలేదు. పానమున్న జీవిని ప్లాస్టిక్‌లో పెడతారా అని, చింతపండుతో తళతళ తోమిన రాగి చెంబు తెచ్చి ముందు పెట్టింది. రాగి అంటే రొయ్యకు విషం, ఆయన ఫోన్లో ముఖ్యంగా చెప్పిన మాట అదే. నేను పెట్టిన కేకకు ఆమె చెంబును కొంగులో దాచేసుకుంది. కాసేపటికి తనే కుర్చీ తెచ్చుకుని బకెట్ పక్కన కూర్చుంది. నేను బట్టలు ఉతుక్కునేలోపు చుక్కలు చూస్తూ ఉండమన్నాను. అందుకోసం ఆమె ఆ పూట చర్చికి కూడా పోలేదు.

అసలు గోల ఇక్కడ మొదలైంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఇక్కడి చర్చిలోనే కూర్చునే అత్తమ్మ ఆదివారం ఆరాధన మానడం ఎవరూ ఎరగరు. ఆమె చోటు ఖాళీగా ఉండడం చర్చిలో అందరూ చూశారు. చర్చికి పోతూ ఎదురింటి ఆమె మా కిటికీలో వేలాడుతున్న సీసాను, దాని పక్కన కుర్చీలో కదలకుండా కూర్చున్న అత్తమ్మను చూసింది. బకెట్ కిటికీ కింద ఉంది, ఎవరికీ కనపడదు. ఇక చెప్పేదేముంది. ఆరాధన ముగిసేసరికి అత్తమ్మకు నిన్నటి నుంచి సెలైన్లు ఎక్కుతున్నాయి. మా వీధి మలుపు తిరిగేసరికి ఆమెకు మాట పడిపోయింది.

ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒకరి చేతిలో బ్రెడ్డు, ఒకరి చేతిలో అరటిపళ్ళు, ఒకరి చంకలో పాటల పుస్తకం. అందరికంటే పెద్దామె న్యాల్‌కల్ అవతల పల్లె నుంచి కూతురింటికి వచ్చి, ఆ మధ్యాహ్నమే బస్సుకు తిరిగి పోవలసిన మనిషి. గుమ్మంలోనే అందరూ ఏడుపు అందుకోబోయి, ఎదురుగా అత్తమ్మ కుర్చీలోంచి లేచి వందనాలు చెప్పేసరికి ఆగిపోయారు. మరి సెలైన్ ఎవరికని అడిగారు. అత్తమ్మ ఎంతో మర్యాదగా బకెట్ చూపించింది. ఐదుగురూ వంగి చూశారు. రొయ్య మీసాలు ఆడించింది.  నేను సిగ్గుతో చచ్చిపోతూ, ఉప్పు సంగతీ చుక్కల సంగతీ గబగబా చెప్పాను.

పెద్దామె అంతా విని తల ఊపింది. "వచ్చినం గదా, ప్రార్థన చేసే పోదం," అంది. "ఇది గూడ దేవుడు జేసిందే గదా."

బకెట్ చుట్టూ నిలబడ్డారు. పెద్దామె చెయ్యి చాపి మొదలుపెట్టింది. ఆమె పుట్టిల్లు బీదర్ వైపు, మనసు పొంగితే కన్నడంలోకి వెళ్ళిపోతుంది. ప్రభువా, నీ ప్రజలను సముద్రం దాటించినవాడివి, ఈ చిన్న బిడ్డను ఈ తొట్టెలోంచి ఆ తొట్టెలోకి దాటించలేవా అని తెలుగులో అడిగి, జవాబును కన్నడంలో తానే చెప్పింది. నాకు నవ్వు ఆగడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని పళ్ళు బిగపట్టినా భుజాలు ఎగిరిపడుతున్నాయి. పక్కనున్న ఆమె నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమరడం మొదలుపెట్టింది. పెద్దామె అది చూసి గొంతు ఇంకా పెంచింది. కానీ నిజం చెబుతున్నాను, నవ్వుతూనే ఆ ప్రార్థనకు నేను మనస్ఫూర్తిగా ఆమెన్ చెప్పాను.

ప్రార్థన అయింది, ఎవరూ లేవలేదు. మా వైపు పద్ధతి అది. పేషెంటును చూడ్డానికి వచ్చినవాళ్ళు సెలైన్ నడుస్తుండగా లేచిపోతే బాగుండదు. సీసా అయ్యేదాకా కూర్చుంటారు, అయ్యాకే సెలవు తీసుకుంటారు. పెద్దామె బస్సు వేళ దగ్గర పడుతోంది, ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది, కానీ లేవదు. ఇంకో రెండు గంటలు పడుతుందని నేను చెప్పినా పర్లేదమ్మా అంది. చాయ్ అన్నా ఇద్దామని వంటింట్లోకి పోయాను.

మా దవాఖానాలో నేను రోజూ చేసే యుద్ధం ఒకటుంది. పేషెంటు తరఫువాళ్ళ చేతులు చక్రం మీదికి పోతాయి. ఊరికి పోయే బస్సు వేళవుతుంది, సీసా తొందరగా అయితే బయల్దేరొచ్చు. నేను పక్క మంచం దగ్గరకు పోయి వచ్చేలోపు ఎవరో ఒకరు తిప్పేస్తారు. తిప్పవద్దని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. అంత తెలిసిన నేను, ఆరుగురు ఆడవాళ్ళను చక్రం పక్కన వదిలి చాయ్ పెట్టడానికి పోయాను.

ట్రే పట్టుకుని తిరిగి వచ్చేసరికి సీసా ఖాళీ. పెద్దామె సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడి ఉంది. "అయిపోయింది సిస్టరమ్మా," అంది సంతోషంగా. బకెట్‌లో చూశాను. నీళ్ళు పైదాకా వచ్చాయి. రొయ్య ఒక పక్కకు ఒరిగి ఉంది, మీసాలు కిందికి వాలిపోయాయి.

ఎవరు తిప్పారని అడిగాను. అత్తమ్మ తనే అని చెప్పింది, దాచలేదు. "అక్కకు బస్సు పోతది బిడ్డా. జరంత తిప్పిన."

ఆ తర్వాత నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. వచ్చినవాళ్ళ ముందే అన్నాను. చివరగా, "మీకు ఎవరు జెప్పిన్రు తిప్పమని? దాని పానం తీసిన్రు," అన్నాను. చాయ్ ట్రేలోనే చల్లారింది. ఐదుగురూ బ్రెడ్డూ పళ్ళూ బల్ల మీద పెట్టి చప్పుడు లేకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. అత్తమ్మ కుర్చీని తీసి గోడ పక్కన పెట్టి, అవతలి గదిలోకి పోయింది.

నేను బకెట్ పక్కన నేల మీద కూర్చున్నాను. రొయ్య పొట్ట కింది చిన్న కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. మిగతా రెండు గంటలూ అక్కడి నుంచి లేవలేదు. తర్వాత డబ్బాలోకి ఎక్కించుకుని, కొత్త తొట్టెలో డబ్బాను ముంచి, అది తనంతట తాను బయటికి వచ్చేదాకా చేతులు పడిపోతున్నా అలాగే పట్టుకున్నాను. తూలుతూ నడిచి రాళ్ళ కిందికి పోయింది. మళ్ళీ కనపడలేదు.

సోమవారం కనపడలేదు. మంగళవారం కనపడలేదు. ఆయన ఫోన్ చేస్తే రాళ్ళలో ఉంది అన్నాను, అబద్ధం కాదు కదా. అత్తమ్మ నాతో అవసరమైనంత మాట్లాడుతోంది, అన్నం కలిపి సగం వదిలేస్తోంది. ఎదురింటికి కూడా పోవడం లేదు. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ఏదో నాకు తెలుసు, రెండేళ్ళ కిందట మా ఆయన నాతో అన్నదే. అప్పుడు అంత తేలిగ్గా ఎలా అన్నాడా అని కోపం వచ్చింది కానీ, అది ఎంత బరువైన మాటో ఇప్పుడు అర్థమైంది. రొట్టె పెడుతూ ఆ మాటను నోటి దాకా తెచ్చుకుని మింగేశాను. నాది పంతం. పైగా అది ఆమె మీద కోపం కూడా పూర్తిగా కాదు, చక్రం పక్కన ఆమెను వదిలిపోయిన నా మీద నాకున్న కోపం.

బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. తలుపు దగ్గరకే వేసి ఉంది. లోపల అత్తమ్మ కొత్త తొట్టె ముందు పీట మీద నిలబడి ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ఉంది. ఎడమ చెయ్యి బయట ఉంది, ఆ చేతి రెండు వేళ్ళ మధ్య రొయ్య ఉంది. మీసాలు, కళ్ళు, కాళ్ళు, వీపు మీద చార, అన్నీ ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు. గుమ్మంలోనే గోడకు ఆనుకున్నాను.

"నీకు కనవడకముందే తీసేద్దమనుకున్న బిడ్డా," అంది, తల తిప్పకుండా. "ఇది చేతికి రాంగనే ఇంగొకటి ఎక్కింది. జర చూడు, ఇదేంది?"

దగ్గరకు పోయి చూశాను. నీళ్ళలో ఉన్న ఆమె చేతి మీద, మణికట్టు దగ్గర, ఎర్రగా మెరిసిపోతూ మా రొయ్య నిలబడి ఉంది. మీసాలు నిటారుగా ఉన్నాయి. ముందు కాళ్ళతో ఆమె చర్మం మీద ఏదో ఏరుకుని నోట్లో పెట్టుకుంటోంది. చేను పనితో కాయలు కాచిన ఆ వేళ్ళ గీతలన్నీ ఒక్కొక్కటే వెతుకుతోంది.

తొట్టెలో సబ్బు కలిసినా దానికి విషమే, అందుకే నా నోట్లోంచి మొదట వచ్చిన మాట సబ్బు పెట్టుకుని కడిగారా అని. లేదు, ఉత్త నీళ్ళతోనే కడుక్కున్నానంది. అప్పుడు నవ్వు వచ్చింది. ఏడుపూ వచ్చింది. నేల మీద కూర్చుని, యూనిఫాంతోనే, పక్కింటికి వినపడేలా నవ్వాను. రొయ్య పెరిగేటప్పుడు పాత పెంకును చొక్కా విడిచినట్టు విడిచేస్తుందని, కళ్ళ మీది పొర, మీసాల తొడుగు సహా ఊడి వస్తుందని, ఆమె చేతిలో ఉన్నది ఆ ఉత్త చొక్కానే అని చెప్పాను. కొత్త పెంకు గట్టిపడేదాకా అది దాక్కుంటుందని మా ఆయన ఎప్పుడో చెప్పాడు, కంగారులో నాకు గుర్తు లేదు. చేపల ఒంటి మీది మురికిని ఏరి శుభ్రం చెయ్యడం ఈ జాతి రొయ్యల పని అని, చెయ్యి పెడితే చేతిని కూడా చేపే అనుకుంటాయని సాయంత్రం ఫోన్లో చెప్పాడు. రెండేళ్ళుగా భయపడి నేను చెయ్యి పెట్టనే లేదు.

అత్తమ్మ ఎడమ చేతిలోని పెంకును ఎండకు ఎత్తి చూసింది. దాని గుండా అవతలి వైపు కిటికీ కనిపిస్తోంది. అప్పుడు నమ్మింది. 

"నేను దాని పానం మీదికి తెచ్చిన," అంది. "ఇది నా చెయ్యి సాఫ్ చేస్తుంది. దీనికి నా మీద కోపం లేదా?"

"దానికి లేదు అత్తమ్మా," అన్నాను. "నాదే తప్పు. అందరి ముందట అట్ల అనొద్దుండె."

ఆమె ముక్కు ఎగబీల్చింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. కదిలితే అది పడిపోతుందేమో అని భయం. పీట మీద నిలబడి అంతసేపు చెయ్యి చాపితే భుజం లాగుతుంది, కాస్త దించమన్నాను, వినలేదు. దాని పని ఇంకా అయిపోలేదు, ఉంగరపు వేలు మిగిలింది అంది. నేను లేచి చేతులు కడుక్కుని, పక్కన ఇంకో పీట వేసుకుని ఎక్కి, నీళ్ళలో ఆమె మోచేతి కింద నా అరచెయ్యి పెట్టి బరువు ఆపాను. రొయ్య ఒకసారి ఆగి, మీసంతో నా వేలిని తడిమి, మళ్ళీ ఆమె చేతి మీదికే పోయింది. ఉంగరపు వేలు కూడా అయిపోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.